నేలచుక్కకు నేల ఎంత కావాల?

లంకమల అడవి అంచున, సిద్దవటం పక్క శెనక్కాయ పైరు పెడుతూ, మేకలు మేపుతూ బతుకు గడిపిన పెద్దాయన ఒకరు. కడప కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే ఆయన మేనకోడలు మరొకరు. ఇద్దరినీ నేనే కల్పించుకున్నాను. వాళ్ల మధ్య నడిచే వాదన మాత్రం కల్పితం కాదు. కలివికోడి అనే పిట్ట దొరికిన నాటి నుంచీ కడప, కర్నూలు అడవి అంచుల్లో అది ఏదో ఒక రూపంలో సాగుతూనే ఉంది. ఈసారి అది ఒక పుట్టగొడుగు మీదికి వచ్చింది. నా మనసు మేనకోడలి వైపే మొగ్గుతుంది. అయితే మామ వేసే ప్రశ్నలను దాటేసి ఆమె మాటను నిలబెట్టాలని చూస్తే అది నిలబడదు. అందుకే ఆయన్ను పూర్తిగా మాట్లాడనిచ్చాను.

మామ: ఇదేంది పాపా, ఫోన్లో కుక్కగొడుగు బొమ్మ చూపిస్తాండావు? మేకల వెంబడి తిరిగేటప్పుడు ఇట్లాంటివి తొక్కుకుంటానే పోయినాము. తొక్కితే బుస్సుమని పొగ లేస్తాది. అంతకు మించి దీంట్లో ఏముంది?

మేనకోడలు: ఆ పొగలోనే ఉంది మామా దీని సంతానమంతా. సిద్ధబీజాలంటాం. ఒక్కోటి మిల్లీమీటరులో రెండు వందల వంతు ఉంటుంది. దీన్ని నేలచుక్క అనుకుందాం. మొదట మట్టిలో సగం పూడుకొని చిన్న ఎర్రగడ్డ మాదిరి ఉంటుంది. వాన పడితే పైతోలు లోపలున్న కండపొర నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, వెలుపలి పొర ఉబ్బదు. ఆ బిగువుకు తోలు కొన దగ్గర చీలి, ఐదో ఆరో ఎనిమిదో రెక్కలుగా వెనక్కి వంగుతుంది. కొన్ని జాతుల్లో రెక్కల కొనలు నేలకు ఆని, నడుమ ఉండే సంచిని రాలిన ఆకుల పైకి ఎత్తుతాయి. సంచి తోలు చాలా పలచన. తల మీద చిన్న రంధ్రం. చినుకు పడినప్పుడల్లా సంచి లోపలికి నొక్కుకొని రంధ్రంలో నుంచి సిద్ధబీజాలు ఎగజిమ్ముతాయి. నువ్వు కాలితో చేసిన పనే చినుకు చేస్తుంది.

మామ: అంటే నేను తొక్కినందుకు దానికి మేలే జరిగిందన్నమాట.

మేనకోడలు: ఒకసారి తొక్కితే నష్టం లేదు. పైకి కనపడేది కొన్నాళ్లే ఉంటుంది. అసలు ప్రాణి కంటికి ఆనని దారాలుగా ఆకుచెత్తలో, మట్టిలో ఏండ్ల తరబడి బతుకుతుంది. ఆ దారాలుండే పైమట్టిని జేసీబీ గీకి పోసినప్పుడే దాని పని అయిపోయేది. నా భయమంతా అక్కడే.

మామ: ఉరుములు ఉరిమితే పుట్టగొడుగులు లేస్తాయని మా అమ్మ చెప్పేది. నువ్వేమో దారాలంటాండావు. సరే, ఒప్పుకుంటా. కానీ ఇది అరుదైనదని నీకెవురు చెప్పినారు? ఎవురు లెక్కబెట్టినారు? మేము చూసినామంటే లెక్క కాదు. మీరు చూడలేదంటే మాత్రం అది అరుదు. ఇదేం న్యాయం?

ఇదే మామ వేసిన ప్రశ్నలన్నిట్లోకీ గట్టిది. శిలీంధ్రాల సంగతిలో దీన్ని తేలిగ్గా తోసెయ్యడానికి లేదు. ప్రపంచంలో శిలీంధ్ర జాతులు 22 లక్షల నుంచి 38 లక్షల దాకా ఉండొచ్చని 2017లో శాస్త్రవేత్తలు అంచనా వేశారు. వాటిలో పేరు పెట్టుకున్నవి లక్షన్నర చిల్లర. పేరే లేనిదాన్ని అరుదనడం ఎట్లా, మామూలనడం ఎట్లా?

మేనకోడలు: న్యాయమైన మాటే మామా. నేలచుక్కల్లో కొన్ని మామూలువే. కొన్ని లోకమంతా ఉన్నాయని ఇన్నాళ్లూ అనుకున్నాం. ఇంగ్లండు సంగతి ఒకటి చెప్తాను. అక్కడ సంచికి ఒకటి కాక చాలా రంధ్రాలుండే నేలచుక్క ఒకటుంది, పేరు మిరియోస్టోమా. 1880 తర్వాత అది ఎవరికీ కనపడలేదు. దేశంలో అంతరించిపోయిందనే రాసుకున్నారు. 2006లో సఫోక్ ప్రాంతంలో మళ్లీ కనపడింది. నూటపాతికేండ్లు అది చచ్చి ఉండిందా? లేదు. మట్టిలోనే ఉంది, చూసే కన్ను లేకపోయింది. ఆ తర్వాత 2017లో దాని డీఎన్ఏ చూస్తే ఇంకో సంగతి బయటపడింది. అన్ని ఖండాల్లోనూ ఒకటే జాతి అనుకున్నది ఒకటి కాదు, వేర్వేరు చోట్ల వేర్వేరు జాతులు. లోకమంతా ఉంది కదా, ఇక్కడ పోతే ఏమని అనుకున్నది ఇక్కడ మాత్రమే ఉండేదని తేలొచ్చు.

మామ: తేలొచ్చు. తేలకపోవచ్చు. తేలేదాకా మమ్మల్ని అడవి బయట నిలబెడతారు. ఇది మాకు కొత్తది కాదు పాపా. కలివికోడి కత తెలుసు గదా నీకు?

మేనకోడలు: నువ్వే చెప్పు మామా, నీ నోట విందాం.

మామ: తెల్లదొరల కాలంలో జెర్డాన్ అనే డాక్టరు దాన్ని కనిపెట్టినాడంట, 1848లో. 1900 తర్వాత ఎవురికీ కనపడలేదు, చచ్చిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో ఈడ, మన రెడ్డిపల్లె కాడ, రాత్రిపూట టార్చిలైటు వేసి పట్టిన ఊరోడి చేతిలో దొరికింది. బొంబాయోళ్లు రాసిన కరపత్రం బొమ్మలు చూసి, ఇది నాకు తెలుసని చెప్పింది ఊరోడే. సదువుకున్నోళ్లు ఎనభై ఆరేండ్లు ఎతికినా దొరకంది వానికి తెలుసు. రెండు మూడేండ్లలోనే 464 చదరపు కిలోమీటర్లు శాంక్చువరీ అని గీత గీసినారు. గీత లోపల కట్టె కొట్టద్దు, మేక తోలద్దు. పిట్టను చూపించిన ఊరోళ్లకు మిగిలింది అది.

మేనకోడలు: అది నిజం. ఆ బాకీ ఇంకా తీరలేదు. కానీ ఆ కతలో నీకు అనుకూలమైన ముక్క ఒకటుంది, దాన్ని వదిలేస్తాండావు. ఆ పిట్ట రాత్రి తిరిగేది, మనిషి అలికిడికి కదలదు. అందుకని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వచ్చిన జగన్నాథన్ వాళ్లు పొదల నడుమ సన్నమట్టి పరిచి, పొద్దున్నే దాని మీద కాలి గుర్తులు చదివినారు. కనపడని దాన్ని లెక్కించే దారి అట్లా దొరికింది. ఆ గుర్తుల నుంచి తేలిందేంటో తెలుసా? హెక్టారుకు మూడు వందల నుంచి ఏడు వందల పెద్ద పొదలు ఉన్న చోటే కలివికోడి ఎక్కువగా తిరుగుతుంది. పొదలు మరీ దట్టమైతే దానికి పనికిరాదు, బొత్తిగా లేకపోయినా పనికిరాదు. అంటే మేక మేసి, మనిషి కట్టె కొట్టి పలచబరిచిన చోటే దానికి ఇల్లు. మేకలను పూర్తిగా తోలేస్తే పిట్టకూ కష్టమే.

మామ: మరి ఆ ముక్క గార్డుకు చెప్పినారా మీరు?

మేనకోడలు: శాస్త్రం కాగితాల్లో రాసింది, గార్డు దాకా రాలేదు. తప్పు మాదే.

మామ: కాలువ సంగతి కూడా చెప్పు, దాచద్దు. తెలుగుగంగ నీళ్లు వచ్చినాక, బ్రహ్మంసాగర్ నిండినాక మైదుకూరు, బద్వేలు పక్క చేన్లు పచ్చబడినాయి. కరువులో గంజికేంద్రాలు చూసిన మనుషులం మేము. 2005లో కాలువ యంత్రాలు పొదల్లోకొస్తే పిట్టోళ్లు అడ్డం పడినారు. అటవీశాఖ ఆపేసింది. సుప్రీంకోర్టు వేసిన కమిటీ దాకా పోయింది. కాలువ దారి మార్చినారు.

మేనకోడలు: దారి మార్చినారు మామా, కాలువ ఆగలేదు. నీళ్లు వచ్చినాయి, పొదలూ మిగిలినాయి. నాకు దాంట్లో కనపడేది ఓటమి కాదు. యంత్రాలు రాకముందే, గీత కాగితం మీద ఉండంగానే అడిగి ఉంటే ఆ పోట్లాటే ఉండేది కాదు. ఆ పిట్ట ఆ తర్వాత చాలా ఏండ్లు కనపడలేదు, వినపడలేదు. మళ్లీ పోయిందనుకున్నారు. 2025 ఆగస్టులో ఇక్కడే, రాత్రిపూట, పక్షులను చూసేవాళ్లు దాని కూతను రికార్డు చేసినారు. ఆ పొదలను గీకేసి ఉంటే ఆ కూత ఎక్కడ నుంచి వచ్చేది?

మామ: పిట్టంటే కూస్తాది, బొమ్మ తీసుకుంటారు, పేపర్లో వేస్తారు. నీ నేలచుక్క కూయదు, నడవదు. దానికి శాంక్చువరీ పెట్టమంటావా? కర్నూలు పక్క రోళ్లపాడులో ఏమైందో చూసినావు గదా. బట్టమేక పిట్ట కోసరం 1988లో ఆరు చదరపు కిలోమీటర్ల గడ్డినేలకు కంచె వేసినారు. మొదట్లో బట్టమేకలు బాగానే పెరిగినాయి. జింకలు అంతకంటే పెరిగినాయి. చుట్టూ ఉండే రైతుల చేన్లు మేసినాయి. రైతులకు ఆ కంచె అంటే కోపం పుట్టింది. ఇప్పుడు కంచె ఉంది, పిట్ట మాత్రం దాదాపు జాడ లేదు.

మేనకోడలు: రోళ్లపాడు మాట తీసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది మామా. బట్టమేక పెద్ద పిట్ట. కంచె లోపల గుడ్డు పెట్టినా, తిండికి మైళ్లకొద్దీ చేన్ల వెంట తిరగాల. ఆ చేన్లలో కొర్ర, జొన్న పోయి వేరే పైర్లు వచ్చినాయి, బోర్లు పడినాయి, కరెంటు తీగలు పడినాయి. కంచె లోపల ఆరు చదరపు కిలోమీటర్లు దానికి ఏ మూలకు? కానీ నేలచుక్క తిరిగేది కాదు. దానికి వంద ఎకరాలు అక్కర్లేదు. ఒక గుట్ట వాలు, ఒక దేవర బీడు, శ్మశానం పక్కన ఎవరూ ముట్టని నాలుగు చెట్ల నీడ, అంత చాలు. ఇంగ్లండులో అరుదైన నేలచుక్కలు దొరికింది పెద్ద అడవుల్లో కాదు, బాట పక్కన కంచెగట్ల మీద. బట్టమేకకు మనం ఇవ్వలేకపోయినంత నేల దీనికి ఇవ్వాల్సిన పనిలేదు.

మేనకోడలి వాదనలో నాకు అన్నింటికన్నా నచ్చింది ఈ ముక్క. అరుదైన ప్రాణి అనగానే మనకు పులి కొలతలే గుర్తుకొస్తాయి. వేల హెక్టార్లు, ఊర్ల తరలింపు, గేట్లు, తుపాకీ పట్టిన గార్డులు. నేలకు అంటుకొని బతికే ప్రాణులకు ఆ కొలత సరిపడదు. వాటికి చిన్న చిన్న మడులు చాలు. కాకపోతే ఆ మడిని ఎవరో ఒకరు గుర్తుపెట్టుకొని ఉండాలి. రెవెన్యూ రికార్డులో ఆ నేల బంజరుగా రాసి ఉంటుంది, గుర్తుపెట్టుకునే మనిషి ఉండడు. నష్టం అక్కడే మొదలవుతుంది.

మామ: సరే, చిన్న జాగానే అనుకుందాం. దాంతో మాకు ఏమొస్తాది? తినేదైతే చెప్పు, కాపాడతాం.

మేనకోడలు: దీని పోలికతో ఉండే ఇంకో నేలచుక్క ఉంది మామా, దాన్ని తింటారు. అయినా చుట్టరికం లేదు, రెండూ వేరే వంశాలు. పొడి తగిలితే దాని రెక్కలు ముడుచుకుంటాయి, తడి తగిలితే మళ్లీ తెరుచుకుంటాయి. ముడుచుకున్నది గాలికి దొర్లుతా పోతుంది. దాన్ని ఆస్ట్రియస్ అంటారు. జార్ఖండ్‌లో సాల చెట్ల కింద తొలకరిలో లేత కాయలు తవ్వి రుగడా అని అమ్ముతారు, కిలో వందల రూపాయలు పలుకుతుంది. బస్తర్‌లో అదే బోడ. థాయిలాండులోనూ తింటారు. కానీ ఏ కాయ తినేదో, ఏది కాదో తెలిసినోళ్లు చూపిస్తేనే ముట్టాల. నువ్వు కొండలో చూసి తీసుకొచ్చి కూర చెయ్యమంటే నేను ఒప్పుకోను.

మామ: సాల చెట్లు మనకు యాడుండాయి?

మేనకోడలు: సాల లేదు, దాని చుట్టం ఉంది. తంబ జాలారి తెలుసు గదా? శేషాచలం, కడప కొండల్లో తప్ప లోకంలో దాదాపు ఇంకెక్కడా లేని చెట్టు.

మామ: తంబ తెలియకపోతే ఎట్లా! గుళ్లో ధ్వజస్తంభానికి తంబ మానే కావాలంటారు. దాని బంక నిప్పుల మీద వేస్తే గుగ్గిలం వాసన. పెద్ద మాన్లు ఇప్పుడు కనపడటం లేదు. నరికినోళ్లు నరికినారు. మళ్లీ మొలిచేవి తక్కువ.

మేనకోడలు: ఇప్పుడు నువ్వు అసలు చోటికి వచ్చినావు. సాల, తంబ, ఈ వంశం చెట్ల వేర్లకు చివరన శిలీంధ్రపు దారాలు తొడుగుకట్టి ఉంటాయి. వేరు పోలేని సందుల్లోకి ఆ దారాలు పోయి నీళ్లు, భాస్వరం తెచ్చిస్తాయి. బదులుగా చెట్టు ఆకులో చేసిన చక్కెర వాటికి ఇస్తుంది. ఏడాదికి 700 మిల్లీమీటర్లు కూడా సరిగ్గా పడని మన రాతి నేలలో ఆ సాయం లేకుండా మొలక నిలవడం కష్టం. సాల చెట్టు కింద ఆస్ట్రియస్ చేసే పని అదే. చాలా దేశాల్లో ఈ వంశం చెట్లను నర్సరీలో పెంచేటప్పుడు పెద్ద చెట్టు కింది మట్టి కొంచెం తెచ్చి సంచుల్లో కలుపుతారు, శిలీంధ్రం వెంట రావాలని. మనం తంబ విత్తనం ఏరుకొచ్చి ఎర్రమట్టిలో పెట్టి, మొక్క చచ్చిపోతే విత్తనం మంచిది కాదనుకుంటాం.

మామ: ఎర్రచందనానికీ అట్లనేనా?

మేనకోడలు: దానికి వేరే జాతి శిలీంధ్రాలు, వేరులోపలికే పోయేవి, పైకి కాయ కట్టవు. నేను చూపించిన రకం నేలచుక్కల్లో చాలావరకు వేర్లతో పొత్తు పెట్టుకునేవి కావు, రాలిన ఆకును కుళ్లబెట్టి తినేవి. బిల్లుడు, చిరుమాను, నారేపి ఆకు రాలి ఎండలో అప్పడంలా పడి ఉంటే, దాన్ని మట్టిగా మార్చేది చెదపురుగులూ, ఈ శిలీంధ్రాలే. ఆకులో ఉన్న సత్తువ మళ్లీ వేరుకు చేరేది వీటి వల్ల. ఆ మట్టి మీదే నీ మేకలు మేసే గడ్డి లేస్తుంది.

మామ: గడ్డంటే గుర్తొచ్చింది. గడ్డి లేవాలంటే వేసవిలో నిప్పు పెట్టాల. నిప్పు పెట్టినోళ్లను మీరు దొంగల మాదిరి చూస్తారు.

మేనకోడలు: దొంగలనను. కానీ ప్రతి ఏడూ పెడితే ఏమవుతుందో చూడు. నిప్పు మట్టి లోపలి దారాలను ఒక్కసారికి పూర్తిగా చంపదు. పైన ఉన్న ఆకుచెత్తను మిగల్చదు. ఆకు తినే శిలీంధ్రానికి తిండి పోతుంది, పైమట్టికి కప్పు పోతుంది. తొలకరి వాన ఒట్టి మట్టి మీద పడి బూడిదతో సహా వంకకు కొట్టుకుపోతుంది. ఒక ఏడు కాలిన చోటికి నాలుగైదేండ్లు విరామం ఇస్తే కోలుకుంటుంది. మనం ఇవ్వడం లేదు.

మామ: నిప్పు పెట్టేది మేమొకరమే కాదు. ఎర్రచందనం దొంగలు బాట కోసరం పెడతారు. బాటసారులు బీడీ పారేస్తారు. మరి ఇంకొకటి అడుగుతా. అడవిశాఖోళ్లే కొండ వాలు మీద జేసీబీతో కందకాలు తవ్వుతారు, నీళ్లు నిలవాలని. గుంతలు తీసి మొక్కలు పెడతారు. అప్పుడు నీ దారాలు తెగవా? మేక కాలి గిట్ట కంటే జేసీబీ పన్ను పెద్దది గదా?

మేనకోడలు: పెద్దదే మామా. ఆ మాట నేను వాళ్లకు చెప్పాల్సిన మాట, నువ్వు నాకు చెప్పినావు. కందకాలు కొన్ని చోట్ల నీళ్లు ఆపుతాయి, కాదనను. కానీ చెట్టున్న వాలు మీద, శతాబ్దాలుగా కదలని మట్టిలో, యంత్రం ఎక్కించి వరసగా చీలిస్తే ఆ మట్టి మళ్లీ అట్లా పేరుకోవడానికి మన మనవళ్ల కాలం కూడా చాలదు. బోడి నేలలో తవ్వుకోవాల, చెట్ల కింద ముట్టకూడదు.

మామ: బోడి నేల అంటాండావు. ఓర్వకల్లు కాడ గని, శకునాల మధ్య సోలారు పలకలు పరిచినారే, ఆరు వేల ఎకరాల దాకా, 2017లో మొదలైంది. వెయ్యి మెగావాట్లంట. అదీ బోడి నేలే అన్నారు. అక్కడ మేపుకునేటోళ్లకు బోడి కాదు.

మేనకోడలు: నువ్వూ నేనూ ఒకే మాట చెప్తున్నాం ఇక్కడ. కరెంటు కావాల, బొగ్గు కాల్చకుండా వచ్చే కరెంటు మరీ కావాల. ఆ పలకలు వద్దని నేనను. కానీ రాతినేలను చూడగానే అక్కడ ఏమీ లేదని రాసేసుకోవడమే నా కడుపుమంట. బేతంచెర్ల, అవుకు పక్క నాపరాయి తీసినా అదే లెక్క, మన కడప బండ తీసినా అదే లెక్క. ముందు ఒక్క వానకాలం ఆ నేల మీద నడిచి చూసినోళ్లు ఉండరు. ఎండాకాలంలో సర్వే చేస్తారు. ఎండాకాలంలో ఇక్కడ సగం ప్రాణులు మట్టి కిందే ఉంటాయి.

మామ: చట్టం ఏమంటాది? పులికుంది, నెమలికుంది. దీనికి?

మేనకోడలు: లేదు. 1972 వన్యప్రాణి చట్టం జంతువులకు చేసింది. 1991 సవరణలో మొక్కలను చేర్చినారు, అప్పట్లో దేశం మొత్తానికి ఆరే ఆరు మొక్కలు. వాటిలో ఒకటి మనదే, మన కొండల పేరీత. శిలీంధ్రాలకు చోటు లేకపోయింది. మన దగ్గరే కాదు, లోకమంతా ఇట్లనే ఉండింది. చిలీ దేశం ఒకటి ముందుగా తన పర్యావరణ చట్టంలో శిలీంధ్రాలను చేర్చింది. 2024లో కొలంబియాలో జరిగిన జీవవైవిధ్య సదస్సులో చిలీ, బ్రిటన్ కలిసి శిలీంధ్రాల రక్షణ కోసం ఒక ప్రతిపాదన పెట్టినాయి. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ఎర్రజాబితాలో 2025 మార్చి నాటికి 1,300 శిలీంధ్రాల లెక్క తేలింది. వాటిలో 411కు ముప్పుంది. మొత్తం లక్షన్నరలో 1,300, అంతే. మిగతావాటి గురించి ఎవరూ కూర్చొని చూడలేదు.

మామ: అంటే మీకూ తెలియదు. తెలియని దానికోసరం మమ్మల్ని ఏం ఇడిచిపెట్టమంటావు?

మేనకోడలు: మేపు ఇడిచిపెట్టమని అనడం లేదు. కట్టె పూర్తిగా మానుకోమని అనడం లేదు. మూడు చోట్ల చెయ్యి పెట్టొద్దని అడుగుతాను. పెద్ద చెట్ల కింద ఆకుచెత్త ఊడ్చుకుపోవద్దు. ఒకే వాలుకు ఏటేటా నిప్పు పెట్టొద్దు. చెట్లున్న చోట యంత్రం ఎక్కించొద్దు, అది ఎవరి యంత్రమైనా సరే. మొదటి రెండూ మీ చేతుల్లో ఉండాయి. మూడోది గవర్నమెంటు చేతిలో ఉంది.

మామ: మూడోది వాళ్లు వినరు. మొదటి రెండిటికీ మమ్మల్ని పట్టుకుంటారు. ఎప్పుడూ జరిగేది అదే పాపా. పట్టుకోడానికి మేకలోడు దొరుకుతాడు, కాంట్రాక్టరు దొరకడు.

దీనికి మేనకోడలి దగ్గర వెంటనే జవాబు లేదు. నా దగ్గరా లేదు. రాయలసీమ అడవుల్లో కేసులు ఎవరి మీద పడ్డాయో, దుంగలు ఎవరి గోదాములకు చేరాయో చూసిన మనిషి ఈ మాటను తోసెయ్యలేడు. ఎర్రచందనాన్ని 1995 నుంచీ అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందపు జాబితాలో పెట్టుకున్నాం. చెట్టు కొట్టే కూలీ జైలుకు పోయినంత సులువుగా కొనేవాడు పోలేదు. నేలచుక్కను కాపాడే పని కూడా ఆ దారిలోనే పడితే, దాన్ని చూసిన మేకలవాడు చూశానని చెప్పడమే మానేస్తాడు. అప్పుడు దాని ఉనికి తెలిసే ఆఖరి దారి కూడా మూసుకుపోతుంది.

మేనకోడలు: ఒక దారి ఉంది మామా, కోపం లేకుండా విను. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ ఒక జీవవైవిధ్య కమిటీ ఉండాల. ఊర్లో ఉండే పైర్లు, చెట్లు, పురుగులు, మందుమూలికలు అన్నీ ఒక రిజిస్టర్లో రాయాల. ఊరోళ్లు చెప్పినది ఊరోళ్ల పేరుతోనే రాయాల. అదే చట్టంలో 37వ సెక్షన్ ఉంది. ఒక చోటును జీవవైవిధ్య వారసత్వ స్థలమని ప్రకటించొచ్చు, స్థానిక సంస్థలను అడిగి. దాని మార్గదర్శకాల్లో ఉండే మాట ఒకటి నీకు ముఖ్యం: ఊరోళ్లు తమంతట తాము ఒప్పుకున్న కట్టుబాట్లు తప్ప, ఇప్పటిదాకా ఉన్న వాడుకలకు అడ్డం పెట్టకూడదు. శాంక్చువరీకి దీనికీ తేడా అదే.

మామ: కాగితంలో ఉండే మాట నేను యాడ చూడాల? మా పంచాయతీలో అట్లాంటి కమిటీ ఉందని నాకే తెలియదు.

మేనకోడలు: చాలాచోట్ల కాగితం మీదే ఉండాయి. రిజిస్టరు బయటి మనుషులతో రాయించి బీరువాలో పెట్టినవీ ఉండాయి. అందుకే నిన్ను అడుగుతాండాను. నాకు తెలిసిన మొక్కల పేర్లు పుస్తకంవి. ఏ వంకలో ఎప్పుడు ఏది లేస్తుందో నీకు తెలుసు. మీ కాలపు మేకలోళ్లు పోతే ఆ లెక్క పోతుంది. మట్టి పిడికెడు తీసుకుంటే దాంట్లో ఏ శిలీంధ్రాలు ఉండాయో డీఎన్ఏ చూసి చెప్పొచ్చు ఇప్పుడు. కానీ ఆ పిడికెడు ఎక్కడ తియ్యాలో చెప్పేది యంత్రం కాదు.

మామ: ఎప్పుడొస్తావు?

మేనకోడలు: మృగశిర తర్వాత, జూన్‌లో.

మామ: అప్పుడొస్తే తొలి వానకు లేచేవి కొన్నే కనపడతాయి. మన పక్క అసలు వాన ఉత్తర, హస్త కార్తెల్లో. సెప్టెంబరు, అక్టోబరు. తంబ మాన్ల కింద, ఉత్తరం వాలు మీద, నీడ ఉండే రాళ్ల సందుల్లో, రెండు ముసురు వానలు పడి మూడోనాడు ఎండ కాసినప్పుడు రావాల. జూన్‌లో ఒకసారి, హస్తలో ఇంకోసారి రా. ఒక్కసారొచ్చి లేదని రాసుకొని పోతే ఊరుకునేది లేదు.

మేనకోడలు: వస్తాను. కాలేజీ పిల్లలను కూడా తీసుకొస్తాను.

మామ: పిల్లలు రానీ. కానీ నాది ఒక షరతు. నువ్వు చెప్పిన ఆ రిజిస్టర్లో నేలచుక్క అని ఒక లైను రాసి ఊరుకోవద్దు. ఆ వాలు మీద ఎవురి మేకలు ఎప్పటినుంచీ మేస్తాండాయో అదీ రాయాల. ఏ వాలుకు ఎన్నేండ్లు నిప్పు ఆపుతామో మేము కూర్చొని చెప్తాం, అదీ రాయాల. ఏ శాఖ యంత్రం వచ్చినా ముందు గ్రామసభను అడగాలని దాని కిందనే రాయాల. మా మీద పడే కట్టుబాటు, వాళ్ల మీద పడే కట్టుబాటు ఒకే పేజీలో ఉండాల. అట్లయితే సంతకం పెడతా. లేకపోతే నీ బొమ్మ నీ ఫోన్లోనే ఉండనీ.

మేనకోడలు: ఒకే పేజీలో రాయిస్తాను. వాళ్లు ఒప్పుకుంటారని మాటియ్యలేను.

మామ: నేను కూడా మాటియ్యను. నిప్పు ఆపే సంగతి నేనొక్కన్ని తేల్చేది కాదు. పై ఊర్లో మేకలోళ్లు ఇరవై ఇండ్లు ఉండారు. వాళ్లకు నువ్వే వచ్చి చెప్పాల, దారాలూ సిద్ధబీజాలూ అన్నీ, నాకు చెప్పినట్టే. వాళ్లు అడిగే ప్రశ్నలు నా ప్రశ్నల కంటే గట్టిగా ఉంటాయి, తయారుగా రా.